జంట ఒంట్లో ఉందా, ఊళ్ళో ఉందా?

పెద్ద తరగతుల్లో పరిణామ పాఠం చెబుతుంటే పిల్లలు ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది. కోతి నుంచి మనిషి వస్తే ఇప్పటి కోతులు ఎందుకు మారలేదు సార్ అని. ఈ మధ్య దానికి తోడు ఇంకొకటి వినిపిస్తోంది. ఫోన్లలో చూసే వీడియోల నుంచి వచ్చింది అది. మగవాడికి ఒక్క ఆడమనిషితో సరిపెట్టుకునే గుణం ప్రకృతే ఇవ్వలేదంట, సైన్సు చెప్పిందంట, నిజమేనా? అడిగేది మగపిల్లలే. ఆడపిల్లలు తల వంచుకుని, చెవులు మాత్రం ఇటే పెట్టి వింటారు. సిలబస్‌లో లేదు కూర్చో అంటే ఆ పూటకి క్లాసు గడిచిపోతుంది. కానీ ఆ పిల్లలు సెలవులకి ఊరెళ్తారు, సంతకెళ్తారు, ఇంకో ఏడెనిమిదేళ్ళకు పెళ్ళిళ్ళు చేసుకుంటారు. ఆ మాట వాళ్ళ వెంటే వెళ్తుంది.

మన ఆదివాసులకు ఇందులో రెండో ముల్లు కూడా ఉంది. మైదానం నుంచి వచ్చినవాళ్ళు మన పెళ్ళిళ్ళను చూసి అనే మాట మనందరం విన్నదే: వీళ్ళకి కట్టుబాటు లేదు, నచ్చితే కలుస్తారు, నచ్చకపోతే విడిపోతారు, ఇంకా ఆదిమ దశలోనే ఉన్నారు. ఈ మాటకు పుస్తకాల అండ కూడా ఉంది. 1877లో లూయిస్ హెన్రీ మోర్గాన్ అనే అమెరికా పండితుడు 'ఏన్షియంట్ సొసైటీ' అనే పుస్తకంలో మానవ సమాజాన్ని ఆటవికం, అనాగరికం, నాగరికం అని మెట్లుగా పేర్చాడు. అట్టడుగు మెట్టు మీద అడ్డూ ఆపూ లేని కలయిక, పై మెట్టు మీద ఒక మగవాడు, ఒక ఆడది. 1884లో ఎంగెల్స్ కుటుంబం గురించి రాసిన పుస్తకానికి ఈ లెక్కనే పునాది చేసుకున్నాడు. ఆస్తికీ పెళ్ళికీ ఉన్న ముడి గురించి ఎంగెల్స్ చెప్పినదాంట్లో మనకు పనికొచ్చేది ఉంది, దాని దగ్గరికి తర్వాత వద్దాం. మెట్ల లెక్క మాత్రం నిలబడలేదు. ఆదిలో అందరికీ అందరూ అనే దశ ఒకటి ఉండేదన్న మాటను 1891లోనే వెస్టర్‌మార్క్ అనే పండితుడు గట్టిగా కాదన్నాడు. అయినా అడవిలో బతికే ఏ సమాజమూ రాయిగా మారి ఆగిపోయింది కాదు. పట్నంవాళ్ళ తాతలు ఎన్ని వేల ఏళ్ళు మారుతూ వచ్చారో మన తాతలూ అన్ని వేల ఏళ్ళూ మారుతూనే వచ్చారు. మనిషి మొదట్లో ఎలా ఉండేవాడో చూద్దామని మన గూడేలకు కెమెరాలు పట్టుకు రావడం దండగ.

సరే, ముందు ఒంటి సంగతి చూద్దాం. జంతువుల్ని చదివేవాళ్ళు మొదట చూసే గుర్తు ఆడ మగ బరువుల తేడా. గొరిల్లాల్లో ఒక మగదాని చుట్టూ కొన్ని ఆడవి ఉంటాయి. మగవాటి పోటీ బలంతో తేలుతుంది, అందుకే మగ గొరిల్లా ఆడదానికి సుమారు రెట్టింపు తూగుతుంది. అస్సాం అడవుల్లో ఉండే హూలాక్ గిబ్బన్లు జంటలుగా బతుకుతాయి. వాటిలో ఆడా మగా దాదాపు ఒకే బరువు. మనుషుల్లో మగవాళ్ళు సగటున నూటికి 15, 20 వంతులు ఎక్కువ. గిబ్బన్‌కి దగ్గర, గిబ్బన్ మాత్రం కాదు. రెండో గుర్తు వృషణాల పరిమాణం. చింపాంజీల్లో ఒక ఆడదానితో చాలా మగవి కలుస్తాయి, పోటీ వీర్యకణాల మధ్యే సాగుతుంది, కాబట్టి ఒంటితో పోలిస్తే వాటి వృషణాలు చాలా పెద్దవి. గొరిల్లావి చాలా చిన్నవి. మనిషి ఈ రెంటి మధ్యలో ఉంటాడు, చింపాంజీకి బాగా దూరంలో. రెండు గుర్తులూ కలిపి చదివితే మన జాతి జంట వైపు మొగ్గిందని తెలుస్తుంది. ముడి మాత్రం గట్టిగా పడలేదు.

జంట అనే మాటలో కూడా రెండు సంగతులు కలిసి ఉన్నాయి. కలిసి గూడు కట్టి పిల్లల్ని సాకడం ఒకటి. ఇంకెవరితోనూ కలవకపోవడం ఇంకొకటి. పక్షి జాతుల్లో నూటికి 90 దాకా జంటలుగానే పిల్లల్ని పెంచుతాయి. తూర్పు కనుమల్లో పెద్ద ముక్కు మీద కొమ్ములాంటి తొడుగున్న హార్న్‌బిల్ పక్షిని చూసే ఉంటారు. గుడ్లు పెట్టేటప్పుడు ఆడపక్షి చెట్టు తొర్రలో దూరి లోపలి నుంచే తొర్ర మూసేసుకుంటుంది, ముక్కు పట్టేంత సందు మాత్రం వదులుతుంది. వారాల తరబడి మగపక్షి పళ్ళూ పురుగులూ తెచ్చి ఆ సందులోంచి అందిస్తుంది. వేటగాడు ఆ మగపక్షిని కొడితే తొర్రలో తల్లీ పిల్లలూ కూడా పోయినట్టే. మరి 1980ల చివర్లో గూళ్ళలోని పిల్లలకు డిఎన్ఎ పరీక్షలు మొదలుపెట్టాక ఏం తేలింది? జంటగా కాపురముండే ఎన్నో పక్షుల గూళ్ళలో పక్క మగపక్షి పిల్లలు కూడా ఉన్నాయి. ఆస్ట్రేలియాలో ఫెయిరీ రెన్ అనే చిన్న నీలిపిట్ట గూట్లో సగానికి పైగా పిల్లలు బయటివే. ఆఫ్రికాలో ఒక రకం హార్న్‌బిల్‌కి పరీక్ష చేస్తే పిల్లలన్నీ ఆ జంటవే. ప్రకృతిని సాక్ష్యానికి పిలిస్తే ఎవరికి కావలసిన సాక్ష్యం వాళ్ళకి దొరుకుతుంది.

మగవాడి స్వభావం అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పుకోవాలి. 1948లో బేట్‌మన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త పండ్ల మీద ముసిరే చిన్న ఈగల్ని సీసాల్లో పెంచి లెక్క తీశాడు. ఎక్కువ ఆడవాటితో కలిసిన మగ ఈగకు పిల్లలు పెరిగాయనీ, ఆడ ఈగకు ఎన్ని మగవాటితో కలిసినా పెద్ద లాభం లేదనీ అన్నాడు. మగది తిరిగేది, ఆడది ఏరుకునేది అనే సూత్రం దాని మీదే నిలబడింది. పాఠ్యపుస్తకాల్లోకీ వెళ్ళింది. 2012లో ప్యాట్రీషియా గొవాటీ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు అదే ప్రయోగం మళ్ళీ చేస్తే ఆ లెక్క తీసిన పద్ధతిలోనే లోపం ఉందని బయటపడింది. సూత్రం ఏ జంతువుకూ వర్తించదని కాదు. చాలా జంతువుల్లో మగవి తిరుగుతాయి. కానీ సీసాలో ఈగల మీద తీసిన, తర్వాత తప్పు పట్టబడిన లెక్కను పట్టుకుని గూడెంలో మనిషికి సాకు చెప్పడం ఎంత దూరపు దూకో చూడండి.

మనుషుల లెక్కలే చూస్తే ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. బెల్జియం, నెదర్లాండ్స్ ప్రాంతాల్లో కొన్ని వందల ఏళ్ళ వంశవృక్షాలను డిఎన్ఎతో పోల్చి చూస్తే, కాగితం మీద తండ్రి ఒకరు, కన్న తండ్రి వేరొకరు అయిన పిల్లలు సగటున నూటికి ఒకరు. ఆఫ్రికాలో నమీబియా దేశంలో హింబా అనే పశువులు కాసుకునే జనం ఉన్నారు. 2020లో అచ్చయిన ఒక అధ్యయనంలో వాళ్ళ పిల్లల్లో నూటికి 48 మందికి కన్న తండ్రి వేరు. అక్కడ అది గుట్టు కాదు. తల్లికీ భర్తకూ చాలావరకు తెలుసు. భర్తే ఆ పిల్లలకు తండ్రిగా ఉంటాడు, ఎవరూ వాళ్ళని తక్కువగా చూడరు. ఒకచోట 1, ఒకచోట 48. ఇద్దరిదీ ఒకే ఒళ్ళు, ఒకే రక్తం. ఇంత తేడా ఒంట్లోంచి రాలేదు. ఊరి కట్టుబాటులోంచి వచ్చింది.

ఆడ మగ సంబంధం కన్నా పరిణామ శాస్త్రం ఈ మధ్య ఎక్కువగా చూస్తున్నది పిల్ల సంగతి. చింపాంజీ పిల్ల నాలుగైదేళ్ళకు పాలు మానాక తన తిండి తానే వెతుక్కుంటుంది. మనిషి పిల్ల పదిహేనేళ్ళు వచ్చినా ఒకరు పెట్టాల్సిందే. ఈ లోపు తల్లికి ఇంకో ఇద్దరు పుడతారు. తల్లి ఒక్కతే సాకలేదు. అందుకే తండ్రి దగ్గర ఉండడం అవసరమైంది అంటారు కొందరు. సారా హర్డీ అనే శాస్త్రవేత్త 2009లో రాసిన పుస్తకంలో దీన్ని ఇంకా వెడల్పు చేసింది: తండ్రి ఒక్కడు చాలడు, అమ్మమ్మ, అక్క, పిన్ని, మేనమామ, పక్కింటి మనిషి అందరూ కలిసి పెంచడమే మన జాతి ప్రత్యేకత అని. టాంజానియాలో వేట మీద, దుంపల మీద బతికే హడ్జాల్లో ముసలమ్మలు గట్టినేలలో దుంపలు తవ్వి తెచ్చి మనవల కడుపు నింపుతుంటారు. క్రిస్టెన్ హాక్స్ బృందం దాన్ని కొలిచి, ఆడమనిషి ముట్లుడిగాక కూడా అన్నేళ్ళు ఎందుకు బతుకుతుందో అన్న ప్రశ్నను దానితో ముడిపెట్టింది. నాగలి దుంపలకూ తేగలకూ మనవల్ని వెంటేసుకు తిరిగే మన అవ్వలకు ఈ సంగతి చెబితే, దీనికి అంత చదువు కావాలా అని నవ్వుతారు.

పిల్ల బతకాలి అన్న ఒక్క అవసరానికి మనుషులు కనిపెట్టిన దారులు ఎన్నో. నీలగిరుల్లో తోడాలు ఒకప్పుడు అన్నదమ్ములంతా ఒకే భార్యతో ఉండేవాళ్ళు. హిమాలయాల్లో జౌన్సార్, కిన్నౌర్ ప్రాంతాల్లోనూ అంతే. ఉన్న కాస్త కొండపొలం ముక్కలు కాకుండా ఉండడం అక్కడ పెద్ద కారణం. దక్షిణ అమెరికాలో బారీ అనే ఆదివాసులు బిడ్డకు ఒకరి కన్నా ఎక్కువమంది తండ్రులుండొచ్చని నమ్ముతారు. గర్భిణితో కలిసిన రెండో మగవాడు కూడా చేపో మాంసమో తెచ్చివ్వాలి. పరిశోధకులు లెక్క చూస్తే రెండో తండ్రి ఉన్న పిల్లల్లో నూటికి 80 మంది పదిహేనేళ్ళు దాటారు, లేనివాళ్ళలో 64 మందే. ప్రపంచంలో వెయ్యికి పైగా సమాజాల వివరాలు కూర్చిన మర్డాక్ పట్టికలో నూటికి 85 దాకా సమాజాలు మగవాడికి రెండో భార్యను ఒప్పుకున్నాయి. వీడియోలవాళ్ళకు ఇష్టమైన అంకె ఇదే. వాళ్ళు వదిలేసే సగం ఏమిటంటే, ఒప్పుకున్న చోట కూడా ఎక్కువమంది మగవాళ్ళకు ఒక్క భార్యే. రెండో భార్య పశువులో భూమో పదవో ఉన్నవాడికే. వేట మీద బతికే చిన్న సమాజాల్లో కూడబెట్టేది ఏమీ ఉండదు కాబట్టి అది ఇంకా అరుదు. ఎంగెల్స్ మాటలో పనికొచ్చేది అన్నది ఇక్కడే. మగవాడి కోరిక అన్ని చోట్లా ఉంది, దాన్ని భార్యల సంఖ్యగా మార్చేది ఆస్తి.

ఇంతవరకూ ఏమి ఉంది అన్నది. ఏమి సరి అన్నది వేరే ప్రశ్న. ఈ రెంటినీ కలపొద్దని చెప్పడానికి హర్డీ పనే ఇంకొకటి ఉంది. 1970ల్లో రాజస్థాన్‌లోని అబూ కొండ మీద ఆమె కొండముచ్చులను చూసింది. బయటి మగది వచ్చి గుంపును గెలుచుకుంటే, పాలు తాగే పిల్లల్ని చంపడం ఆమె రాసింది. తల్లి మళ్ళీ త్వరగా ఎదకు వస్తుందని దానికి పరిణామ కారణం కూడా చెప్పింది. ప్రకృతిలో ఉంది కాబట్టి సరే అనేవాడు దీన్ని కూడా సరే అనాలి. ఏ వీడియోవాడూ అనడు. అంటే అతను ప్రకృతిని అడిగి నడవడం లేదు, తనకు నచ్చిన ముక్కని ప్రకృతి నోట పలికిస్తున్నాడు. ఒక్కరితోనే ఉండడం దేవుడిచ్చిన సహజధర్మం అని మనకు నీతులు చెప్పే మైదానం పెద్దలు చేసేదీ అదే పని, ముక్క మాత్రం వేరు.

ఇప్పుడు మన ఊళ్ళోకి వద్దాం. బస్తర్‌లో మురియా గోండుల గోటుల్ గురించి వెరియర్ ఎల్విన్ 1947లో పెద్ద పుస్తకం రాశాడు. పెళ్ళి కాని యువతీ యువకులు రాత్రిళ్ళు గోటుల్లో ఉండడం గురించి దేశమంతా చెవులు కొరుక్కుంది. అదే పుస్తకంలో పెళ్ళయ్యాక మురియాలు ఒకరికొకరు నమ్మకంగా ఉంటారని, విడిపోవడాలు చాలా తక్కువని కూడా ఉంది. ఆ పేజీలు ఎవరికీ పట్టలేదు. ఎల్విన్ స్వయంగా ఒక గోండు అమ్మాయిని 1940లో పెళ్ళాడి 1949లో విడాకులు తీసుకున్నాడు. మన కాపురాలను కొలిచినవాళ్ళ కాపురాలనూ కొలిస్తే లెక్క కొంచెం సమానమవుతుందని మాత్రమే ఈ మాట.

మన్యంలో పెళ్ళికి దారులు చాలా. పెద్దలు కుదిర్చేది, ఇద్దరూ ఇష్టపడి వెళ్ళిపోయేది, ఎత్తుకుపోయేది, ఇల్లరికం ఉండి మామ ఇంట్లో కష్టం చేసి గెలుచుకునేది, కుండమార్పిడి. అబ్బాయి వాళ్ళే ఓలి ఇస్తారు. ఆడమనిషి మొగుడితో ఇమడలేక ఇంకొకరి దగ్గరికి వెళ్తే కులపెద్దలు కూర్చుని 'మగనాలి తప్పు' కట్టిస్తారు, కొత్త భర్త పాత భర్తకు డబ్బిస్తాడు. అక్కడితో తగువు తీరుతుంది. భర్త చనిపోతే మారు మనువు ఉంది. ఇవన్నీ గొప్పవని మేము చెప్పబోవడం లేదు. మగనాలి తప్పు డబ్బు పాత భర్తకు పోతుంది, ఇన్నేళ్ళు పోడులో చాకిరీ చేసిన ఆమెకు ఒక్క రూపాయి రాదు. ఎత్తుకుపోవడంలో ముందే మాట కలిపినవీ ఉన్నాయి, పిల్ల ఏడుస్తుండగా లాక్కుపోయినవీ ఉన్నాయి. రెంటికీ ఒకే పేరు పెట్టి ఆచారం అనడం అన్యాయం. పద్దెనిమిది నిండని అమ్మాయి విషయంలో ఇష్టపడింది అన్న మాటకే విలువ లేదు, బాల్యవివాహ నిషేధ చట్టం మనకూ వర్తిస్తుంది. కానీ ఒక్క సంగతి మాత్రం గుర్తించాలి. ఇమడని కాపురంలోంచి బయటికి వచ్చే దారి మన ఆడవాళ్ళకు ఉండేది. వచ్చిన ఆమె మొహం మీద ఊరు తలుపు వేయలేదు. మైదానంలో చాలామంది ఆడవాళ్ళకు ఆ హక్కు చట్టం రాస్తే గానీ రాలేదు.

రెండో భార్య కూడా మన దగ్గర ఉంది, దాచడం ఎందుకు? పిల్లలు లేరని, అన్న చనిపోతే వదిన దిక్కులేనిదవుతుందని, పోడుకు చేతులు చాలడం లేదని. మొదటామే వెళ్ళి చెల్లెల్ని తెచ్చుకున్న కథలూ పెద్దవాళ్ళు చెబుతారు. అలాంటి ఇళ్ళల్లో పెరిగినవాళ్ళు మనలో ఉన్నారు. ఆ తల్లులను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ కారణాలు ఈ రోజు ఎన్ని మిగిలాయి? ఉద్యోగం వచ్చాక, జీతం ఒకరి పేరునే పడ్డాక, పట్నంలో ఇల్లు కట్టాక తెచ్చుకునే రెండో భార్యకూ పోడు కాలపు రెండో భార్యకూ పోలిక లేదు. పోడులో ఇద్దరు ఆడవాళ్ళూ పండించేవాళ్ళు, ఇద్దరికీ గాదె మీద చేయి ఉండేది. ఇప్పుడు మొదటామె ఊళ్ళో, ఏటీఎం కార్డు అతని జేబులో.

ఇక్కడ చట్టం సంగతి మన యువతకు తెలియాలి. 1955 హిందూ వివాహ చట్టం ఒక భార్య ఉండగా రెండో పెళ్ళి చెల్లదంటుంది. కానీ అదే చట్టం 2వ సెక్షన్, కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డు తెగలకు ఇది వర్తించదంటుంది. 2024లో ఉత్తరాఖండ్ తెచ్చిన ఉమ్మడి పౌరస్మృతి కూడా షెడ్యూల్డు తెగలను బయటే ఉంచింది. మన ఆచారాన్ని గౌరవించినట్టే. కానీ 2001లో ఒక ఆదివాసీ మహిళ, భర్త రెండో పెళ్ళి చేసుకున్నాడని సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మీ తెగ ఆచారంలో రెండో పెళ్ళి చెల్లదని మీరే రుజువు చేయాలి అని కోర్టు అంది. ఆమె చేయలేకపోయింది, కేసు నిలబడలేదు. మనోవర్తి దారి మాత్రం మూసుకుపోలేదు. భారతీయ నాగరిక్ సురక్ష సంహిత 144 కింద భార్యా పిల్లలూ అడగొచ్చు, పెళ్ళి కాకుండా పుట్టిన బిడ్డకు కూడా హక్కుంది. 2005 గృహహింస చట్టం పెళ్ళి లాంటి సహజీవనానికి కూడా వర్తిస్తుంది. ఈ రెండూ తెగ చూడవు.

ఈ విషయంలో మాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించేది పరిణామమూ కాదు, ఆచారమూ కాదు. 1/70 చట్టం వల్ల ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనలేరు. కాబట్టి మైదానంలో భార్యా పిల్లలున్నవాడు ఇక్కడొక ఆదివాసీ అమ్మాయితో కాపురం పెడతాడు. షాపు, స్థలం, తోట ఆమె పేరున రాయిస్తాడు, కాగితాలు తన దగ్గర ఉంచుకుంటాడు. మీలో ఎలాగూ ఇది మామూలే కదా అంటాడు. మన ఆచారాన్ని తప్పుగా చదివి, ఆ తప్పునే తనకు అనుమతిగా వాడుకుంటాడు. మన ఆచారంలో ఓలి ఉంది, పెద్దల ముందు మాట ఉంది, విడిపోతే తప్పు కట్టడం ఉంది. వాడు వీటిలో ఒక్కటీ చేయడు. బదిలీ అయినప్పుడో వ్యాపారం తీరినప్పుడో వెళ్ళిపోతాడు. ఆ పిల్లలు మా బడులకే వస్తారు, తండ్రి పేరు అనే గడి దగ్గర మేము పెన్ను ఆపుతాం.

కాబట్టి పిల్లలు ఆ ప్రశ్న అడిగినప్పుడు మేము ఇచ్చే జవాబు ఇది. మీ ఒంట్లో రెండు వైపులా దారి ఉంది. ఏ దారిన నడవాలో ఒళ్ళు చెప్పదు. ఎవరు పండిస్తున్నారు, ఎవరి పేరున భూమి ఉంది, ఎవరు బిడ్డకు అన్నం పెడుతున్నారు, ఆమె వద్దనుకుంటే వెళ్ళగలదా, ఇవి అడిగి చూసుకోవాలి. మా మటుకు మేము ఈ కాలంలో ఒక్కరితో ఒక్కరుగా ఉండడమే న్యాయమంటాం. గొరిల్లా బరువు చూసి కాదు, మొదటామె నడిగితే ఆమె ఏమంటుందో తెలుసు కాబట్టి.

ఇంకొక పని ఉంది. కోర్టు మన ఆచారాన్ని రుజువు చేయమంటోంది. ఆ ఆచారం ఎక్కడా రాసి లేదు. ఎప్పుడైనా ఎవరైనా రాసుకోవడానికి వస్తే అరుగు మీద కూర్చున్న మగపెద్దలే చెబుతారు. వాళ్ళు ఓలి ఎంతో చెబుతారు, తప్పు ఎంతో చెబుతారు. మీ అవ్వలను అడిగితే వేరే సంగతులు వస్తాయి. రెండో ఆమెను తేవాలంటే మొదటామెను అడిగేవారా? వద్దంటే ఏం జరిగేది? విడిపోయినప్పుడు మేక, కుండ, వెండి ఎవరికి వెళ్ళేవి? బిడ్డ ఎవరి దగ్గర ఉండేది? చదువుకున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఒక నోట్‌బుక్కు పెట్టుకుని ఊరి పేరు, తేదీ, చెప్పిన మనిషి వయసు వేసి రాయండి. కొత్తల పండుగకైతే అందరూ ఊళ్ళోనే ఉంటారు, ముసలమ్మలకు మాట్లాడే తీరిక కూడా ఉంటుంది.